నేను తయారుచేసిన తాగుబోతు

కేకులో రమ్ము వేయలేదు కదా అని అడిగితే బేకరీ ఆవిడ నన్ను జాలిగా చూసి, ఏటేటా మీ నాన్నకి ఈ కేకు చేసేది నేనే కదా బాయే, మర్చిపోతానా అంది. ఆ జాలి కేకు గురించా, పప్పా గురించా, నా మొహం గురించా అని ఆలోచిస్తూ వానలో స్కూటర్ మీద దాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని తెచ్చాను. ఇప్పుడది నా ఒళ్ళో ఉంది. అట్టపెట్టె అడుగు తడిసి మెత్తబడింది, పైన క్రీముతో రాయించిన తొమ్మిది అంకె మూతకి అంటుకోకపోతే చాలు. ఆదివారం రెండో పూజ అయిపోయి జనం వెళ్ళిపోయారు. చర్చి వెనక ఈ చిన్న హాల్లో మా గ్రూపు మాత్రం మిగిలింది. మా గ్రూపు అంటున్నానే, నేను తాగను, కానీ తాగడం మానేసినవాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా ఈ గ్రూపే, తడిసిన గొడుగులతో సహా. ముందు వరసలో పప్పా కూర్చున్నాడు. నాకు ఆయన మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది, పొద్దున్నే క్షవరం చేయించుకున్నాడు, పౌడరు గీత అలాగే ఉంది, ఎవరైనా తుడిస్తే బాగుండు, ప్రతిసారీ మాయ్, మా అమ్మ, తుడిచేది. మాయ్ వెనక వరసలో గోడవారగా కూర్చుంది, ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద రెండు చేతులు, బస్సు కోసం కూర్చున్నట్టు. రాకపోతే ఊరంతా ఎందుకు రాలేదని అడుగుతారు కాబట్టి వచ్చింది. పోయిన నెల పక్కింటి పెళ్ళి తర్వాత ఆవిడ పప్పాతో అన్నం పెట్టనా, గొళ్ళెం వేశావా అనే రెండు ముక్కలు తప్ప మాట్లాడలేదు.

ఇంకా ఇద్దరు మాట్లాడాలి, ఆ తర్వాత పప్పా వంతు. తాగడం మానేసిన రోజు ఇక్కడ పుట్టినరోజు కింద లెక్క, పప్పాకిది తొమ్మిదోది. ముందుకెళ్ళి నా పేరు ఫలానా, నేను తాగుబోతుని అనాలి, అందరూ పేరు పెట్టి పలకరిస్తారు, ఇంట్లోవాళ్ళలో ఒకరు లేచి, మానేసి ఎన్నేళ్ళయిందో అంకె వేసిన ఇత్తడి బిళ్ళ చేతికిస్తారు, చప్పట్లు, కొవ్వొత్తి, కేకు. మొదటిసారి పప్పా నోటి వెంట ఆ మాట విన్నప్పుడు నాకు పదహారేళ్ళు, కుర్చీ కింద దూరిపోదామనిపించింది. అది తేలికైన సిగ్గు. తప్పు ఇంకొకళ్ళది, సిగ్గు మాత్రం మనది, కావాలంటే ఏడవొచ్చు, కాలేజీలో స్నేహితురాలికి చెప్పుకుని ఓదార్పు కూడా పొందొచ్చు. ఇప్పుడున్నదాన్ని ఎవరికీ చెప్పుకోలేను, ఎందుకంటే చెప్పుకోవాల్సినవాళ్ళు సరిగ్గా ఈ గదిలోనే ఉన్నారు, ఒకరు ముందు వరసలో, ఒకరు వెనక వరసలో. మధ్యలో నేను, నా చెమట చేతిలో బిళ్ళ.

నా ఉద్యోగం మనుషుల్ని తయారుచేయడం. మా వీధిలో ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అంటాను, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. ఎవరికి ఏ యాడ్ చూపించాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులో తయారవుతుంది, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ముందు లేని మనిషిని ఒకణ్ణి పుట్టించాలి. వయసు ఇవ్వాలి, ఊరు ఇవ్వాలి, రోజూ వాడి తరఫున కూర్చుని వాడు వెతికేవి వెతకాలి, చదివేవి చదవాలి, ఆగేచోట ఆగాలి. నాలుగు రోజులు అలా మేపితే నెట్ వాణ్ణి నమ్ముతుంది. అప్పుడు వాడికి రావాల్సిన యాడ్ వస్తే పాస్. నేను బాలింతల్ని చేశాను, గుర్రాలు కొనే జమీందారుని చేశాను, బట్టతల పెళ్ళికొడుకుల్ని చేశాను. జూన్‌లో తాగుడు మాన్పించే ఆసుపత్రి ఒకటి మాకు క్లయింటుగా వచ్చింది. తాగుబోతు కావాలన్నారు. వెలీటా బాగా చేస్తుంది, వెలీటాకి ఇవ్వండి అన్నారు.

ఒక్కటే నియమం, ఇలాంటివాళ్ళని ఆఫీసు లైన్ మీదే పెంచాలి, ఇంటి వైఫై మీద పెంచకూడదు. అది నాకు తెలుసు, కొత్తగా చేరినవాళ్ళకి ఆ నియమం చెప్పేది నేనే. కానీ ఆ వారం మంగళూరులో వాన ఎలా కురిసిందంటే స్కూళ్ళు మూసేశారు, మా ఆఫీసు సందులో మోకాటి లోతు నీళ్ళు, అందరం ఇళ్ళనుంచే. ఇంటినుంచి కలుపుకునే ఆఫీసు లైన్ పది నిమిషాలకోసారి తెగుతోంది, తెగినప్పుడల్లా నా తాగుబోతు సగం వాక్యంలో చచ్చిపోతున్నాడు, విసుగొచ్చి ఆ లైన్ తీసేసి మా ఇంటి వైఫై మీద పెట్టేశాను. అంతే. పక్క గదిలో మాయ్ చేపల కూర వండుతోంది, వసారాలో పప్పా రేడియో బాగుచేస్తున్నాడు, మధ్య గదిలో నేను తాగుబోతుని పెంచుతున్నాను. నెట్‌కి గదులు తెలియవు, ఒక వైఫై అంటే ఒక ఇల్లు. ఆ ఇంట్లో రాత్రీ పగలూ ఉండే ఫోన్లు ఏవి, టీవీ ఏది, అందులో ఆ వయసు మగవాడి ఫోన్ ఏది అని వెతుక్కుంది. దానికి ఒకటే దొరికింది.

ఆ యాడ్ తొలిసారి వచ్చింది జపమాల మధ్యలో. సాయంత్రం మాయ్ టీవీలో కొంకణి జపమాల పెడుతుంది, ముగ్గురం ముందు కూర్చుంటాం, నేను ఫోన్ దాచుకుని కూర్చుంటాను. మూడో పది పూసలకి ముందు ఆ గొంతులు ఆగిపోయి ఒక ఆడమనిషి వచ్చి, మీ ఇంట్లో ఎవరైనా రహస్యంగా తాగుతున్నారా, అతనికి తెలియకుండానే మాన్పించండి అంది. మాయ్ వేళ్ళు పూస మీద ఆగిపోయాయి. పప్పా ఒక్కడే, పాపులమై ఉండెడి మా కొరకు అంటూ ప్రార్థన చివరిదాకా చదివి, ఎవరూ అందుకోకపోయేసరికి చుట్టూ చూశాడు. నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది, దాన్నే నేను మర్చిపోలేకపోతున్నాను, దగ్గు నటించి లేచి వంటింట్లోకి వెళ్ళాను. తర్వాత రోజూ వచ్చింది. పప్పా ఫోన్లో అయితే ఆసుపత్రితో పాటు సోడాలు, గాజు గ్లాసులు, వారాంతానికి ఇంటికే తెచ్చిస్తాం అనేవాళ్ళు కూడా. తాగుబోతు అని తెలిశాక అమ్మేవాళ్ళు ఊరుకోరుగా, మాన్పించేవాడు ఒక చెయ్యి పట్టుకుంటే పోసేవాడు ఇంకో చెయ్యి పట్టుకుంటాడు.

మాయ్ ఒక రోజు ఇడ్లీల్లాంటి సన్నాలకి పిండి కలుపుతూ, నా వైపు తిరక్కుండా అడిగింది.

“ఇవి ఊరికే వస్తాయా బాయే?”

“ఊరికే రావు మాయ్. ఎవరో ఏదో వెతికితేనే వస్తాయి.”

“మనింట్లో ఎవరు వెతుకుతారు?”

నేను భుజాలెగరేశాను. చదువుకున్న భుజాలు, ఇంజనీరింగ్ భుజాలు. అబద్ధం చెప్పలేదు, అదే కదా దరిద్రం, నేను కూడా నమ్మాను. నాకు నా తాగుబోతు గుర్తే రాలేదు, వాడు ఆఫీసువాడు, వీడు ఇంట్లోవాడు. పప్పా స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఫోన్ తీసి చూశాను. వెతికినవేమీ లేవు, చర్చి పాటలు, పెంకుల ఫ్యాక్టరీ పాత స్నేహితుల గ్రూపు, మామిడి మొక్కకి పురుగు పడితే ఏం చేయాలి. చెరిపేశాడు అనుకున్నాను. ఏమీ లేకపోవడమే రుజువు అనుకున్నాను, తప్పు చేసినవాళ్ళేగా చెరిపేది. ఇంతటి తెలివి నాకు జీతమిచ్చే చోట చూపిస్తే టీం లీడర్‌ని చేసేవాళ్ళు.

తర్వాత పెళ్ళి. పక్కింటి గ్లాడిస్ ఆంటీ కూతురి పెళ్ళి. పప్పా అంటే మా చర్చి కిందివాళ్ళందరికీ టోస్టు చెప్పే మనిషి. వధూవరుల గురించి, వాళ్ళ తాతల గురించి, ఎవరి పెళ్ళికి ఎవరు గొడుగు మర్చిపోయారో దాని గురించి అరగంట మాట్లాడి జనాన్ని నవ్వించి ఏడిపించి, చివరికి గ్లాసు ఎత్తితే హాలంతా లేచి పాడుతుంది. ఆయన గ్లాసులో ఉండేది బిరిండా పండ్ల షర్బత్ అని అందరికీ తెలుసు, రంగు వైన్ రంగే, అందుకే పుల్లటి వైన్ ఎలా ఉంది లిగోరీ అని ఏడిపిస్తారు కూడా. ఆ రోజు గ్లాసు ఎత్తబోతుండగా మాయ్ వేదిక ఎక్కింది. ఎవరో బహుమతి ఇవ్వడానికి వెళ్తోందనుకున్నారు. ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది, వాసన చూసింది, తిరిగి చేతిలో పెట్టి మెట్లు దిగి వచ్చేసింది. మైకు ఆన్‌లోనే ఉంది. ఆయన ఊపిరి స్పీకర్లలో వినిపించింది. మా ఆవిడకి రుచి కంటే వాసన ముఖ్యం, అందుకే ఇన్నేళ్ళు నా వంట తినలేదు అన్నాడు పప్పా. జనం నవ్వారు, కావాల్సినదానికంటే గట్టిగా నవ్వారు, సాయం చేస్తున్నట్టు. టోస్టు పూర్తిచేశాడు. ఇంటికొచ్చాక వచ్చే నెల పెళ్ళివాళ్ళకి ఫోన్ చేసి, గొంతు బాగోలేదు, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గొంతు బాగానే ఉంది.

మొన్న గురువారం ఆఫీసులో మా టీం నిశ్మిత నా బల్ల మీదికి వంగి, నీ తాగుబోతు భలేవాడు తల్లీ, టీం మొత్తంలో వాడిదే రికార్డు అంది. నెట్ వాణ్ణి ఎక్కడెక్కడ గుర్తుపట్టిందో రిపోర్టు చూపించింది. వాడికి నేను ల్యాప్‌టాప్ ఒక్కటే ఇచ్చాను. రిపోర్టులో దాంతో పాటు ఒక ఫోన్, ఒక టీవీ. ఫోన్ పోయిన క్రిస్మస్‌కి నేను పప్పాకి కొన్నది. టీవీ కూడా. ఇంటి వైఫై మీద నేను పెంచినవాణ్ణి నెట్ పప్పాకి అంటగట్టింది. నిశ్మిత ఇంకేదో చెబుతోంది, ఆఫీసు గ్రూపులో మేనేజరు చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు పెట్టాడు, అవి వరసగా వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కళ్ళూ నాలుగేసి జతలు. నేను థాంక్యూ అని కొట్టాను. ఆ పైన ఒక నవ్వు మొహం కూడా పెట్టాను. గురువారం రాత్రి ఇంట్లో చెప్పలేదు, శుక్రవారం చెప్పలేదు, నిన్న చెబుదామనుకుంటే మాయ్‌కి తలనొప్పి. ఇంటి వైఫై సంగతి ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందని ఒక సాకు, చెప్పినా వాళ్ళకి అర్థం కాదని ఇంకో సాకు. ఆదివారం బిళ్ళ చేతికిచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయి అన్నది అన్నింటికంటే పెద్ద సాకు. దాంతోనే ఇక్కడికి వచ్చాను.

ఇందాక కస్మీర్ బాప్పు నా పక్క కుర్చీలో కూలబడి, కేకు పెట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ, ముందుకి చూస్తూనే మాట్లాడాడు. పప్పాని మొదట ఈ హాలుకి తెచ్చింది ఆయనే, పప్పాకి తాగాలనిపిస్తే ఏ వేళైనా ఫోన్ చేసేది ఆయనకే.

“మీ నాన్న ఈసారి బిళ్ళ తీసుకోడట. మళ్ళీ మొదటిరోజు నుంచి లెక్కపెట్టుకుంటాడట.”

“ఎందుకు బాప్పూ? తాగాడా?”

“తాగలేదంటాడు. నేను నమ్ముతాను, నా ముక్కు మీ అమ్మ ముక్కు కంటే ముసలిది. మరెందుకురా అంటే, కస్మీర్, నా మనసు నాకంటే ముందు ఫోన్‌కి తెలిసిపోయింది అంటాడు. ఇన్నేళ్ళుగా గుర్తురానిది, రోజూ సాయంత్రం అది అడుగుతుంటే, మొన్న నిజంగానే నోరూరిందట. ఫోన్ అబద్ధం చెప్పలేదు, నేనే అందరికీ చెబుతున్నాను అంటాడు. ఏం చెప్పను ఇలాంటోడికి? నువ్వు ఆ కంప్యూటర్ల దాంట్లోనే కదా, అది అలా మనసులు చదివేస్తుందా?”

చదవదు బాప్పూ అనాలి. నోట్లోంచి, ఏమో బాప్పూ, అని వచ్చింది. ఆయన నా భుజం తట్టి టీ కెటిల్ వైపు వెళ్ళాడు, అప్పటినుంచి నేను కదల్లేదు. గోడ మీద పాత బోర్డు ఉంది, ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయండి అని. ఇన్నేళ్ళుగా ఈ నలభై మంది అదే చేశారు. గ్లాడిస్ ఆంటీ మొగుడు ఒకప్పుడు ఇక్కడ చెప్పినవన్నీ నాకు తెలుసు, ఒక్కసారి కూడా బయట నా నోట రాలేదు. మరి ఈ గదిలో పప్పా విడిచిపెట్టి పోయినదాన్ని తీసుకెళ్ళి ఊరు ఊరంతటికీ వినిపించే చోట పెట్టింది ఎవరు? వైఫై కాదు. వైఫై మీదికి తోసేయడం చాలా తేలిక, ఈ మూడు రోజులూ అదే చేస్తున్నాను, పొరపాటు, టెక్నికల్, వాన. నిజం ఏంటంటే వాళ్ళు తాగుబోతు కావాలన్నప్పుడు నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. వయసు యాభై ఎనిమిది, చేతులు వాటంతట అవే కొట్టాయి. పొద్దున్నే చేతులు వణుకుతుంటే గడ్డం గీసుకోవడం ఎలా. లవంగాలు నమిలితే వాసన పోతుందా. భార్య మాట్లాడకపోతే ఏం చేయాలి. జీతం రాగానే ఇంటికి తేలేకపోతున్నాను. ఆ రోజుల్లో పప్పా చేతిలో ఇలాంటి ఫోన్ ఉంటే, ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక్కడే కూర్చుని ఏం వెతికేవాడో అదంతా ఆయన తరఫున నేను వెతికాను. బాగా వచ్చింది. బాగా వస్తోందని హాయిగా కూడా అనిపించింది, బొమ్మ గీస్తుంటే పోలిక కుదిరినట్టు. తొమ్మిదేళ్ళు వసారాలో నా ఎదురుగా కూర్చున్న మనిషి నా లెక్కలో లేడు. తాగుబోతు అనగానే నాకు దొరికింది ఆ పాతమనిషే, ఎక్కడా వెతుక్కోనక్కర్లేకుండా, చేతికందేంత దగ్గర్లో. నెట్ పొరబడలేదు. నేను ఇచ్చిన పోలికలతో వెతికి సరైన మనిషి ఇంటికే వచ్చింది.

కస్మీర్ బాప్పు పిలిచాడు, పప్పా లేచాడు. మెడ మీద పౌడరు గీత, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“నా పేరు లిగోరి, నేను తాగుబోతుని.”

“నమస్కారం లిగోరీ.”

“ఈ ఏడు నేను బిళ్ళ తీసుకోదలచుకోలేదు. ఎందుకంటే...”

“పప్పా తాగలేదు.” నేను లేచి నిలబడ్డాను, కేకు పెట్టె ఒళ్ళోంచి జారి నేల మీద అడుగు భాగం మీదే పడింది, నలభై తలలు నా వైపు తిరిగాయి, వెనక గోడవారగా ఉన్న తల కూడా తిరిగిందని వీపుతోనే తెలిసింది. “ఆ యాడ్లు పప్పావి కావు. నావి. నా ఆఫీసు పని. ఒక లేని తాగుబోతుని చేశాను, ఇంటి వైఫై మీద చేశాను, చేయకూడదు, చేశాను. వాడికి రావాల్సినవి పప్పాకి వచ్చాయి. పప్పా ఏమీ వెతకలేదు. ఫోన్‌కి ఎవరి మనసూ తెలీదు మాయ్. ఊరికే రావని నీకు చెప్పింది నేను, తెచ్చింది కూడా నేనే.”

 కస్మీర్ బాప్పు, “అంటే ఉన్న తాగుబోతులం చాలక కంప్యూటర్లో ఇంకోణ్ణి పెంచావా?” అన్నాడు, ఎవరో ఫక్కుమన్నారు, మరొకరు వాణ్ణి కూడా వచ్చే ఆదివారం తీసుకురా బాయే, ఖాళీ కుర్చీలున్నాయి అన్నారు, హాలంతా నవ్వింది, సడలిన నవ్వు, పప్పా కూడా నవ్వాడు, నెలరోజులకి మొదటిసారి భుజాలు కదిలేలా నవ్వాడు. నేను అక్కడితో కూర్చోవచ్చు. అందరూ నన్ను క్షమించేశారు, పిల్ల నిజం చెప్పింది, కేకు కోయండి. కూర్చోబోయాను కూడా.

“ఎవడు వాడు, మన మంగళూరువాడేనా?” పప్పా కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

“ఊఁ.”

“వయసెంత?”

“యాభై ఎనిమిది.”

“నా ఈడువాడే, పాపం. బాగా తాగుతాడా?”

“పొద్దున చేతులు వణుకుతాయి. గడ్డం గీసుకోలేడు.” మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి, ఆపితే ఇంకెప్పటికీ రావు. “జేబులో లవంగాలు పెట్టుకుంటాడు.”

నవ్వు పప్పా నోటి మీద అలాగే ఉంది, పైన మొహం మాత్రం మారింది. కస్మీర్ బాప్పు టీ గ్లాసు కింద పెట్టాడు. ఎవరూ నా వైపు చూడడం లేదు, అందరూ కేకు పెట్టెని చూస్తున్నారు. పప్పా గొంతు సవరించుకున్నాడు, టోస్టుకి ముందు సవరించుకున్నట్టు కాదు, మెల్లగా.

“వాడికి కూతురుందా?”

“లేదు పప్పా. పెట్టలేదు.”

“పెట్టాల్సింది బాయే,” అన్నాడు. “నాకుండేది.”

నేను బిళ్ళ ఉన్న చెయ్యి చాపాను. ఆయన దాన్ని చూశాడు, వద్దనలేదు, నా చేతిలోంచి తీసుకోనూ లేదు. నా తల మీదుగా వెనక వరసలో మాయ్ వైపు చూసి, “సెవ్రీన్, ఈ ఏడు నువ్వియ్యి,” అన్నాడు. కుర్చీల మధ్యలోంచి వెనక గోడదాకా నడిచాను, కాళ్ళు తీసి దారిచ్చారు, ఎవరో గొడుగు జరిపారు. మాయ్ అప్పటికే లేచి నిలబడింది. నా చేతిలోంచి బిళ్ళ తీసుకుని, చీర కొంగుతో దాని మీద నా చెమట రెండు వైపులా తుడిచి, ముందుకి వెళ్ళింది.